బడి పక్కనే ఉండాలె

హలో… ఆ, నేనే. లింగస్వామినే. కోదాడ… ఆ, ఫ్లెక్సీల దుకాణం. మీరెవరు?

—

వికీపీడియా శ్రీనాథ్ గారా! నమస్తే సార్. మా ఊరి పేజీ గురించి మాట్లాడాలె అని గా చర్చ పేజీల నా నంబర్ రాసి పదకొండు రోజులైంది. ఇగ ఎవ్వరు ఫోన్ చెయ్యరనుకున్న.

లేదు లేదు, పనేం లేదు. గీ ఎండకు ఎవ్వరొస్తరు… ఆ చప్పుడేంది సార్, రైస్ మిల్లా? … మిర్యాలగూడనా మీది! నేను హైదరాబాదనుకున్న.

జర ఆగండి, పేజీ తెరుస్త. కరెంటు పోయి యూపీఎస్ మీద నడుస్తుంది. కూత పెడ్తుంది, ఇనబడ్తుందా? ఇంకో పది నిమిషాలు వస్తది, అంతే.

… ఆ, మా ఊరి పేజీనే. మేళ్లచెరువు దగ్గర. ఆ ఖాళీ లైన్లు కొట్టింది నేనే సార్. ఫోటో బడి కాడనే ఉండాలెనని ఎంటరు ఇరవై సార్లు నొక్కిన. మీరొచ్చి తీసేసిన్రు…

కోపమెందుకు సార్? … మొన్న ఉండె కొంచెం. ఇప్పుడు లేదు.

… మీ ఫోన్ల అంత పొడుగు ఖాళీ కనబడ్డదా? నా సిస్టంల బరాబర్ ఉండె… ఆ, ఒక్కొక్కరి తెర ఒక్కొక్క తీరు. నాది ఫ్లెక్సీ బుద్ధి సార్. ఫ్లెక్సీల ఫోటో ఎక్కడ పెడితే ఆడనే ఉంటది. గాలికి ఫ్లెక్సీ చినుగుతది గని ఫోటో జరగదు. గీ పేజీల బడి అన్న హెడ్డింగు కాడ పెడితే జారిపోయి ఫ్యాక్టరీల హెడ్డింగు కాడ పడ్డది.

… బడి గురించి రాసింది రెండే లైన్లు, ఫోటో పొడుగు. అందుకా? … రాత అయిపోయినా ఫోటో కిందికి వేలాడుతది, కింది హెడ్డింగు వచ్చి దాని పక్కన చేరుతది. ఓహో. అంటే ఫోటో జారలే. బడే తొందరగ అయిపోయింది.

… ఫోటో చిన్నగ చెయ్యాల్నా? వద్దు సార్. చిన్నగ చేస్తే మొఖం కనబడదు.

… తలుపు కాడ నిలబడ్డామె. చేతిల గంట కొట్టే రాడ్డు… ఆ, టీచరే. నేనే తీసిన ఫోటో. మా… మా ఆమె సార్. ప్రమీల.

—

పోయినేడు. బడికెళ్లి వస్తుండె. బస్సు కోదాడల ఆగింది. అందరు దిగిన్రు. ఆమె దిగలే. గుండె అన్నరు.

… అయ్యో, మీకేం తెల్సు సార్.

పేరు రాయలే సూడండి. సొంతోళ్ల గురించి రాయొద్దన్న రూల్ తెల్సు నాకు, సదివిన. ఫోటో కింద ప్రాథమిక పాఠశాల అనే పెట్టిన. ఆమె తలుపు కాడ నిలబడ్డది, అంతే.

పద్నాలుగేండ్లు చెప్పింది సార్ గా బడిల. లారీ పోయినప్పుడల్ల లేసి కిటికీలు మూసేది, దుమ్ముకు పిల్లలు దగ్గుతరని. గసొంటామెను తీస్కపోయి సున్నపురాయి, సిమెంటు అని రాసిన కాడ నిలబెడితే నాకు మనసొప్పలే.

… ఫ్లెక్సీనా? ఆమెకు కొట్టలే. కోదాడల సగం మందికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు నేనే కొట్టిన, మా ఆమెకు కొట్టలే. దినాలు అయిపోంగనే తీస్కపోయి బర్రెల కొట్టం మీద కప్పుతరు సార్. ఒక పెద్దమనిషి మొఖం మీద కోళ్లు ఎక్కి తిరుగుతుంటే నా కండ్లతోని సూసిన. వికీల అయితే ఎవ్వరు పీకరనుకున్న… ఆ, ఇగ మీరున్నరు.

నవ్వుతున్నరా… నవ్వండి, పర్వాలేదు.

ఇంకో ఉపాయమా? చెప్పండి… ఫోటో పొడుగంత రాత నింపాలె. రాస్త సార్! ఎంతన్న రాస్త. పలక మర్సిపోయి వచ్చినోళ్లతోని బండల మీద సుద్దతోని రాయించేది. సాయంత్రం గా బండలు తనే కడిగేది. బడికి రానోళ్ల ఇంటికి వోయి పొయ్యికాడనే కూసుండేది, పిల్లను పంపేదాక లేసేది కాదు. ఇంకా—

… ఆధారమా? … పేపర్లనో పుస్తకంలనో వచ్చి ఉండాలె. ఆ.

ఏ పేపరోడు వస్తడు సార్ గా బడికి? నేనే ఆధారం. … పనికిరాను. తెల్సు. గది గూడ సదివిన.

… బడి గూడ లేదిప్పుడు. ఆమె పోయినంక ఇంకో టీచర్ రాలే, మూసేసిన్రు.

సరే, మూడోది చెప్పండి. యూపీఎస్ గట్టిగ కూస్తుంది.

… ఫ్యాక్టరీల హెడ్డింగుకు ముంగట. రెండు ఫ్లవర్ బ్రాకెట్లు… ఆ… క్లియర్ అని… మళ్ల రెండు. గింతేనా? గీ ఒక్క మాటకు నేను నెల రోజులు పరేషానైన! … అంటే ఫోటో అయిపోయేదాక కింది హెడ్డింగు రాదు, ఆడనే ఆగుతది. ఎవ్వరి తెర మీదనన్న.

… ఫోటో పక్కన ఖాళీ ఉంటదా? … బాగుండదంటరా?

ఉండనియ్యండి సార్. ఖాళీ నాకు కొత్త కాదు. పొద్దుగాల గీడికొస్త, ఊరోళ్ల మొఖాలన్ని ఫ్లెక్సీలకు సక్కగ జేస్త, తాళమేస్కోని పోత. ఇంట్ల మాట్లాడెటోళ్లు లేరు. గింతసేపు ఆమె ముచ్చట చెప్పింది ఇయ్యాల మీకే.

కొట్టిన. సేవ్ నొక్కిన. తిరుగుతుంది… తిరుగుతుంది…

అయ్యో! పోయింది సార్. యూపీఎస్ ఆగిపోయింది. తెర నల్లగైంది. సేవ్ అయిందో లేదో… మీ కంప్యూటర్ల సూస్తరా జర? ఫోన్ పెట్టకండి. లైన్లనే ఉంట.

—

అయిందా? … హెడ్డింగు కిందికి దిగిందా? … ఆమె? బడి పక్కనే ఉన్నదా?

—

ఉన్నదా.

… ఏం లేదు సార్. ఏం లేదు. బాగనే ఉన్న.

ఒక్క మాట. రేపెప్పుడన్న ఎవరన్న వచ్చి గా క్లియర్ తీసేస్తే, జర ఫోన్ చెయ్యండి. … ఆ. సంతోషం.

తియ్యకపోయినా చెయ్యండి సార్.

… హలో? మిల్లు చప్పుడుకు ఇనబడలేదా? … తియ్యకపోయినా చెయ్యండి అంటున్న…

సార్? … హలో?