మిట్టచేని బావిలో ఈరమ్మ నవ్వు

మిట్టచేని దిగుడుబావి కాడికి పొద్దు వాలినాక మన ఊర్లో ఎవురూ పోరు గదా, గొర్లోళ్లు గూడా మందను చుట్టు తిప్పి తోలుకపోతారు గదా, ఎందుకో మీలో ఎవురికన్నా తెలుసునా? నీళ్లు లేక కాదు. నీళ్లుండాయి. అట్ల కూసోండి, చెప్తా.

ఓబులేసని ఒకడుండె. వాని పెండ్లాం ఈరమ్మ. ఆయమ్మి చేన్లో కలుపు తీయను వస్తే పక్కచేని కూలోళ్లు గూడా ఊరికే నవ్వేటోళ్లు, అట్లాంటి నవ్వు, ఆ నవ్వు చూసే వాడు పట్టుబట్టి చేసుకున్నాడు. సరే, కానుపయ్యింది, ఆడబిడ్డ పుట్టింది, అప్పట్నుంచి ఈరమ్మ మాట్లాడదు, నవ్వదు, బిడ్డ ఏడుస్తాంటే గోడ తట్టు తిరిగి పండుకోనుంటాది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోని నమలకుండా అట్లే ఉంటాది. దెయ్యం పట్టిందన్నారు. వేపమండలతో కొట్టిరి, మిరపకాయల పొగ పెట్టిరి. దగ్గింది గానీ మాట్లాడలేదు. ఈరమ్మ తల్లి మాత్రం, ఇది దెయ్యం కాదు నాయనా, మనసుకు జబ్బు చేసింది, టౌను ఆస్పత్రికి తీస్కపో అని బతిమాలింది. వాడు రేపు మాపు అంటా వచ్చినాడు. పిచ్చిదాని మొగుడంటారని భయం. ఇంగొక సంగతి, ఎవురికీ చెప్పలేదు, గోడ తట్టు తిరిగిన ఆ వీపును చూస్తే వానికి కోపమొచ్చేది, నా ఈరమ్మ యాడికి పొయ్యిందిరా దేవుడా అని.

ఒకదినం మాపుసారి ఎద్దులు తోలుకోని మిట్టచేని మీద వస్తాంటే, బావిలోంచి నవ్వు వినపడింది. ఈరమ్మ నవ్వు. పెండ్లినాటిది. ఎద్దులు చెవులు నిక్కించి నిలబడిపొయినాయి, ఎంత అదిలించినా కదలవు. వాడు గట్టు కాడికి పొయ్యి తొంగి చూసినాడు. చూడకుండా ఉంటాడా, మీరే చెప్పండి? నీళ్లు నల్లగా ఉండాయి, మనిషి లేదు. గొంతుండాది.

"నేను ఈడుండా. ఇంట్లో ఉండేది నేను గాదు. దిగిరా ఓబిగా," అనింది.

ఓబిగా అని పిలిచేది ఆయమ్మి ఒక్కతే. వాడు మెట్టు దిగినాడు, ఇంగొకటి దిగినాడు, పాచి జారుతాంది, వెనక్కి తిరుగుదామంటే కాళ్లు వాని మాట వినవు, నీళ్లు మోకాళ్లకొచ్చె, నడుముకొచ్చె, అప్పుడు నీళ్లల్లోంచి ఏదో వాని చెయ్యి పట్టుకునింది. మెత్తగుండాది. చల్లగుండాది. గాజుల్లేవు.

అంతలో పైనుంచి ఇంగొక గొంతు. గొంతా అది, తుప్పుపట్టిన గిలక తిరిగినట్లుండాది.

"బిడ్డ ఏడుస్తాంది," అనింది.

తలెత్తి చూస్తే గట్టుమీద ఈరమ్మ, జుట్టు విరబోసుకోని, కండ్లు గుంతలుపడి, సంకలో బిడ్డ. మొగుడు రాలేదని వెతుక్కుంటా వచ్చిందో, తానే బిడ్డతో సహా బావిలో పడదామని వచ్చిందో, ఆ మాట వాడు జన్మలో అడగలేదు. కింద గొంతేమో, నమ్మొద్దు, దెయ్యమంటే అదే, దాని వాలకం చూడు అంటాంది. నిజమే, చూస్తే పైనున్నదే దెయ్యం మాదిరుండాది, కిందిదేమో ముద్దుగా నవ్వుతాంది. ఏది తన పెండ్లామో వానికి తెలీలేదు. పైనున్నది చెయ్యి చాపింది, అంతే.

"వస్తాండా ఈరీ," అన్నాడు వాడు, చెయ్యి గుంజుకున్నాడు, చర్మం లేసొచ్చింది, అట్లే పాక్కుంటా ఎక్కినాడు. వెనకాల నవ్వు ఏడుపయ్యింది. ఈరమ్మ గొంతుతోనే ఏడిసింది, నన్ను ఈడ విడిసిపోతాండావా అని. వాడు తిరిగి చూడలేదు గానీ, వాడూ ఏడిసినాడు.

తెల్లారి బస్సుకే ఆస్పత్రికి తీస్కపొయినాడు. మందులిచ్చిరి, కూసోబెట్టి మాట్లాడిచ్చిరి. ఊరికే నయం కాలేదు, కొంచెం తేరుకోవడం, మళ్లా గోడ తట్టు తిరగడం, వాడు గూడా గోడ పక్కనే కూసోని బిడ్డను ఆడిచ్చుకుంటా ఉండేటోడు. మెల్లగా మాటొచ్చింది. నవ్వూ వచ్చింది. పాతది గాదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకోని చిన్నగా నవ్వేది. వానికి అదే చాలనిపిచ్చింది.

పాతది ఇంగా బావిలోనే ఉండాది. మిమ్మల్నైతే ఈరమ్మ గొంతుతో పిలవదు, మీకెవురి మీద ప్రాణమో వాళ్ల గొంతుతో పిలుస్తాది. అందుకని చెప్తాండా, చుట్టుదారైనా రోడ్డెంబడే రాండి, చెప్పులరిగితే కొత్తవి దొరుకుతాయి.