పంపులో చిరుగు

తెలుగువాళ్లు చాలామంది ఉన్న బెంగాలీ రైల్వే ఊళ్లో, తాల్‌బగీచా పేటలో సూసన్న మెకానిక్ షెడ్డు. 1967 జనవరి, ఉదయం తొమ్మిది దాటింది. హిజ్లీ కాలేజీ ప్రొఫెసరు గణపతిరావు తన కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. బానెట్టు తెరిచి ఉంది.

“ఏదీ, మీరే ఓపాలి వాసన సూడండి బావూ.”

“చూశాను సూసన్నా. చూసే తెచ్చాను. పెట్రోలు వాసనే.”

“వాసనొక్కటేనేటి? ఆయిలు కొలిచే పుల్ల సూసినారా? నిండు గీతకి రెండు వేళ్ల మందం పైనుంది. మీరేటైనా పోసినారా?”

“నేనేం పోయలేదు.”

“పొయ్యకుండా ఆయిలు పెరగదు కదా. మరేటి పెరిగినట్టు?”

“అదే... పెట్రోలే కలిసుంటుంది.”

“వేళ్ల మద్దిన రాసి సూడండి. ఆయిల్లాగ లేదు, నీళ్లలాగుంది. ఇలాగే ఇంకొన్నాళ్లు తోలితే బేరింగులు పోనాయే. ఏయ్ దాదా, బీడీ ఆర్పీ! అవతలికి పో!... మీక్కాదు బావూ, ఆ రిక్షావోడికి. ఎన్నాళ్లయింది ఇలాగ?”

“ఈమధ్యే.”

“ఈమద్దెంటే?”

“ఒక నెల... పూజల ముందు నుంచీ అనుకో.”

“దుర్గా పూజలా? మూడు నెల్లు దాటిపోనాది! ఈమద్దెంటారేటి?”

“ముందు సంగతి తేల్చు సూసన్నా. నాకు పదకొండున్నరకి క్లాసుంది.”

“తేలుస్తాను. సలికి ఇంజను లేవాలని చోకు లాగి, అలాగే వదిలీసినారేమో అనుకున్నాను, అది సరిగ్గానే ఎనక్కెల్తంది. ప్లగ్గులు నాలుగూ విప్పి సూసినాను. ఇటుక రంగులో ఉన్నాయి, మండడం బాగానే మండుతున్నాయి. ఇంక మిగిలింది పెట్రోలు పంపు.”

“రింగులు అరిగితే?”

“రింగులరిగితే ఎనకాల నీలం పొగ రావాల. రానేదు. పంపే. టాంకులో పెట్రోలు లాగి ఇంజనుకిచ్చీది ఇదే కదా. లోపల గుడ్డలాంటి పొర ఉంటాది. అది సిరిగితే పెట్రోలు పైకెల్లకుండా కిందకి, ఆయిల్లోకి దిగిపోద్ది. మీకు నాను సెప్పాలేటి. కాలేజీలో మీరేటి సెప్తారు బావూ?”

“...ఇంజన్లే.”

“ఆఁ?”

“ఇంజన్లు. ఇంజన్లే చెబుతాను.”

“...సరే. ఆ స్పేనర్ ఇలాగందించండి.”

“ఇదేనా?”

“ఆఁ. రెండు బోల్టులే... వచ్చీసింది. ఇదిగో, పొర ఎలుగుకి పట్టి సూడండి. కనపడతందా?”

“కనిపిస్తోంది. గోరంత చిరుగు.”

“గోరంతే. ఎంత పెట్రోలు తాగీసిందో! టాంకు తొరగా అయిపోయీది కాదేటి?”

“అయిపోయేది.”

“నూకయ్య సెప్పనేదా మీకు? ఆడు మంచి డ్రైవరు.”

“నూకయ్య లేడుగా.”

“లేడు, తెలుసు. మా వీదే. మానీసినానన్నాడు. ఎందుకురా అంటే మాటాడడు. పూజల తరవాతే కదా మానీసినాడు?”

“ఆఁ.”

“అంటే అప్పటికే ఈ పంపు కారతంది. ఎందుకు మానీసినాడు బావూ?”

“కొత్త పంపు ఇక్కడ దొరుకుతుందా?”

“దొరుకుతాది. ఎందుకు మానీసినాడు?”

“మానలేదు. నేను తీసేశాను.”

“ఎందుకు?”

“...పెట్రోలు పోతోందని.”

“పెట్రోలు పోతందనా!”

“మెల్లగా.”

“దొంగన్నారా ఆడిని?”

“అన్నాను.”

“ఎక్కడ?”

“ఇంటి ముందు. అందరూ ఉన్నారు. పక్క క్వార్టర్స్ వాళ్లు, పాలు పోసే అతను, మా ఆవిడ...”

“ఆడేటన్నాడు?”

“ఏమీ అనలేదు. తాళం బానెట్టు మీద పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు. దొంగ కాకపోతే ఒక్క మాటైనా అంటాడు కదా అనుకున్నాను.”

“పోనీలెండి. తెలీక సేసినారు. ఇయ్యాల తెలిసింది కదా...”

“ఇవాళ కాదు.”

“ఏటి?”

“ఇవాళ తెలియలేదు సూసన్నా. అతను వెళ్లిన వారానికే తెలిసింది. కారు నేనే నడుపుతున్నాను. తాళం నా జేబులోనే ఉంది. టాంకు మాత్రం ఎప్పట్లాగే ఖాళీ అవుతోంది.”

“మరి?”

“మరేముంది. అందరి ముందూ అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి కదా. అందుకని బానెట్టు ఎత్తడమే మానేశాను. ఎత్తితే తెలిసిపోతుందని. నిన్న మా ఆవిడ చంద్రకళ కారెక్కి, ‘ఏమిటండీ ఈ కంపు, ఇంజన్ల మేష్టారు కారేనా ఇది’ అంది. అప్పుడు తెచ్చాను.”





“ఆడు గోల్‌బజార్లో బస్తాలు మోస్తన్నాడు.”

“తెలుసు.”

“తెలుసా!”

“ఓసారి చూశాను. కారు పక్క సందులోకి తిప్పేశాను.”

“బావూ, నాను సదువుకోనేదు. ఒక్కటే అడుగుతాను. ఇప్పుడు మీరు కాలేజీకెల్తారా, గోల్‌బజారుకొస్తారా?”

“...ఆ చిరిగిన పొర కాగితంలో చుట్టి ఇవ్వు. రిక్షాని పిలు.”

సూసన్న, గణపతిరావు రిక్షా దిగేసరికి గోల్‌బజారులో బియ్యం కొట్టు ముందు నూకయ్య అప్పుడే బస్తా దించి, తలగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు.

“నమస్కారం బావూ. బియ్యం బస్తాలేటైనా ఎయ్యాలా?”

“కాదు నూకయ్యా. నీతో మాట్లాడాలి.”

“జనం ఉన్నారు, ఇలా పక్కకి రండి.”

“వద్దు. ఇక్కడే. ఆవేళా జనంలోనే అన్నాను. నువ్వు పెట్రోలు తియ్యలేదు.”

“పోనీలెండి బావూ, అయిపోయిన మాట...”

“అయిపోలేదు. ఇది చూడు. పంపులో పొర, చిరిగింది. పెట్రోలు ఆయిల్లోకి పోయింది. నువ్వు తియ్యలేదు, ఎవరూ తియ్యలేదు.”

“ఎవుళ్లూ తియ్యనేదా?”

“ఎవరూ తియ్యలేదు. తప్పు నాది. తెలిసి కూడా ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు.”

“సూసన్నా, నువ్వు సెప్పు. నిజివేనా? ఎవుళ్లూ తియ్యనేదా?”

“నా సేత్తో విప్పినాను కదరా.”

“సుక్క కూడానా?”

“సుక్క కూడా. ఏటిరా, కూకుండిపోనావు? నీ పరువు నీకొచ్చింది కదా!”

“నూకయ్యా, నన్ను తిట్టు. పడతాను. మళ్లీ పనిలోకి రా. క్వార్టర్స్ వాళ్లందరినీ పిలిచి చెబుతాను. కానీ ఒక్క సంగతి చెప్పు. ఆవేళ ‘నేను తియ్యలేదు’ అని ఒక్క మాట ఎందుకనలేదు?”

“నోరు రానేదు బావూ. మా తమ్ముడు తీసినాడనుకున్నాను.”

“అప్పలకొండా? రైల్వే వర్కుషాపులో పనిచేసే అబ్బాయి?”

“ఆడే. నా ఇంట్లోనే ఉండీవోడు. గేరేజీ తాళం మా గోడ మేకుకి ఏలాడీది. ఆ నెల్లోనే ఆడు సైకిలు కొన్నాడు. ఇంకేటుంది, నా మనసులో ఆడే దొంగైపోనాడు. మీరు నన్ను దొంగంటే, దొంగ నా ఇంట్లోనే ఉన్నాడు కదాని తలొంచుకున్నాను.”

“ఒరే, ఆడికి బదిలీ అయ్యిందన్నావు కదరా నాతో!”

“బదిలీ నేదు, ఏటీ నేదు. ఆ సాయంత్రమే ఆడిని వర్కుషాపు గేటు కాడ, అందరి ముందూ నిలబెట్టి సెప్పుతో కొట్టినాను. ‘నాను తియ్యనేదన్నియ్యా’ అన్నాడు. కొట్టినాను. మళ్లీ అన్నాడు. మళ్లీ కొట్టినాను. నా మీద సెయ్యెత్తనేదు. తెల్లారి డూటీకని బయల్దేరి, టేసన్లో ఏ బండెక్కీసినాడో. మదరాసు బండో, బొంబాయి బండో. ఉజ్జోగం ఒగ్గీసినాడు. ఉత్తరం ముక్క నేదు.”

“వెతుకుదాం నూకయ్యా. నేను రైల్వే వాళ్లతో...”

“మీకైతే నాను గోల్‌బజార్లో దొరికినాను బావూ. ఆడి కాళ్లట్టుకుందామంటే, ఆడు నాకెక్కడ దొరుకుతాడు?”