కొండ మీది నుంచి పుట్టి

హై వాన్ కనుమ కొన మలుపులో ముసలాయన స్కూటరు ఆపాడు. వెనక కూర్చున్న భార్య, ఒళ్ళో జిగురన్నం గిన్నె పట్టుకుని, ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

"దిగవే."

"దనాంగ్ వచ్చేసిందా?"

"కొండ మీదికొచ్చాం. కళ్ళు తెరువు."

"మనవరాలికి నెల నిండిన వేడుకకి హాయిగా బస్సులో పోదామంటే విన్నావా? సొరంగంలోంచి పావుగంట. ఈ వయసులో నీకు షికార్లు!"

"ఎప్పుడూ ఆ సొరంగమేగా. ఒక్కసారి చూడవే."

"అమ్మో! ఇదంతా... సముద్రమేనా?"

"మనదే."

"ఒడ్డున నిలబడితే ఇంత లేదే! ఆ నువ్వుగింజలేంటయ్యా?"

"పుట్టిలు. మనూరి గుండ్రటి పడవలే. నా పుట్టీ ఇక్కణ్ణుంచి అంతే."

"నలభై ఏళ్ళుగా దాన్లోనా పోయొస్తున్నావు?"

"మరి? చేపలు సగం బుట్టే తెచ్చావేంటని రోజూ తిడతావుగా."

"నాకేం తెలుసు... అంత నీళ్ళలో నీకు భయమెయ్యదా?"

"ఈ కొండ కనబడినంతసేపూ వెయ్యదు. దీని కింద నువ్వు నా మీద కేకలేస్తుంటావని తెలుసు. మబ్బు కమ్మితేనే భయం."

"కమ్మితే ఏం చేస్తావు?"

"నీ తిట్లు ఎటునుంచి వస్తాయో అనుకుని, అటు తెడ్డేస్తా."

ఆమె గిన్నె గట్టిగా పట్టుకుని చాలాసేపు సముద్రాన్నే చూసింది.

"ఏంటే, నోరు పడిపోయిందా?"

"లేదు. రేపట్నుంచి ఇంకాస్త గట్టిగా తిడతాను."