ఫ్యూగేట్ వాళ్ళ సిపాయి తుపాకి

నా పేరు వెర్నా స్టిడమ్. వయసు యాభై రెండు. పైన్ ఫోర్క్ వంతెన దగ్గర గాలాలు, ఎరలు అమ్మే కొట్టు నాది. నా భర్త పోయాక ఆయన రెండో వ్యాపారం కూడా నేనే చూసుకుంటున్నాను. పాత యుద్ధాల నాటి తుపాకులు కొని, శుభ్రం చేసి, తుపాకుల సంతలో అమ్ముతాను. కుడిచేతికి కట్టు కట్టాక ఆస్పత్రి గదిలో పోలీసు డిప్యూటీ గారి ఎదుట ఇది చెబుతున్నాను. లాయరు కావాలా అని అడిగారు. వద్దన్నాను.

1984 అక్టోబరు 13 శనివారం ఉదయం పది గంటలకు ఆర్డిత్ ఫ్యూగేట్ ఇంటికి వెళ్ళాను. ఆమెకు డెబ్బై దాటాయి, భర్త లేడు. పాత సిపాయి తుపాకి అమ్ముతానని దాణా కొట్టు గోడకు చీటీ అంటించింది. 1863 నాటిది, ఆమె భర్త తాత అంతర్యుద్ధం నుంచి తెచ్చుకున్నది. వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద పెట్టి ఉంచింది.

ఆమె ఎడమ కన్ను వాచి, నల్లబడి, పూర్తిగా మూసుకుపోయింది. నేను తుపాకినే చూస్తున్నట్టు నటించాను. నాకు నటన చేతకాదు.

"నా కంటికేసి చూడకు అమ్మాయ్, అది అమ్మకానికి లేదు" అంది.

ఎవరు కొట్టారని అడిగాను. కొడుకు రాయిస్ అంది.

"మొన్న గొడ్డలి పిడితో కొట్టాడు. ఈసారి పిడికి గొడ్డలి తగిలించుకొనే వస్తానన్నాడు. మధ్యాహ్నం బస్సుకి నా చెల్లెలి ఊరు వెళ్ళిపోతున్నా. ఇది అమ్ముడైతేనే వెళ్ళగలను."

తలుపు పక్కన పెట్టె సర్ది ఉంది. తొమ్మిది వందల డాలర్లు అడిగింది. నేను బేరమాడలేదు, నా జన్మలో అది మొదటిసారి. చేయి చాపాను. ఆమె కలిపింది. మా వైపు చేయి కలిపితే సరుకు చేతులు మారినట్టే, డబ్బు ఆ తర్వాత సంగతి.

అప్పుడు తుపాకి గొట్టం కింద ఉండే ఇనప చువ్వ తీసి గొట్టంలోకి వదిలాను. ఇలాంటివి కొనేవాళ్ళం అందరం చేసే పనే అది. గొట్టం ఖాళీగా ఉంటే ఇనుము ఖంగుమంటుంది. ఇది మొద్దుగా దబ్బుమంది. చువ్వ అడుగు దాకా పోకుండా బెత్తెడు పైనే ఆగింది.

"పెద్దమ్మా, ఇందులో మందూ గుండూ దట్టించి ఉన్నాయి."

"ఉండవా మరి? యుద్ధం ముగిసిందని తెలియగానే మా ఆయన తాత అలాగే తెచ్చి గోడకి తగిలించేశాడట. నలుగురు పిల్లల్ని దాని కిందే పెంచాను."

చువ్వ పైకి తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడే బయట బండి ఆగింది. రాయిస్ లోపలికి వచ్చాడు. మీకు తెలిసినవాడే, గుమ్మమంత మనిషి. ముందు పెట్టెను చూశాడు.

"ఎక్కడికే ముసలిదానా?"

"చెల్లెలి దగ్గరికి."

"మరి నా తుపాకి ఇక్కడెందుకుంది?"

"అమ్మేశాను. చేయి కూడా కలిపాను."

"ఏ చేత్తో?"

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. వాడు ఆమె కుడిచేతిని బల్లకేసి అదిమిపెట్టి, ఆ ఇనప చువ్వతోనే కొట్టాడు. మొదటి దెబ్బకు ఆమె అరిచింది. రెండో దెబ్బకు అరవలేదు. మళ్ళీ కొట్టాడు. బల్ల మీద మజ్జిగ గ్లాసు ఉంది. అది ఒలకలేదు. అంత కొట్టినా అది ఎందుకు ఒలకలేదా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

"ఇప్పుడు రద్దయిందా బేరం?" అని నన్ను అడిగాడు.

"లేదు. నా చెయ్యి బాగానే ఉంది" అన్నాను. నా నోరు అలాంటిది.

వాడు నా మీదికి రాలేదు. వాళ్ళమ్మను జుట్టు పట్టి పొయ్యి దగ్గరికి ఈడ్చాడు. ఇనప పొయ్యి మండుతోంది. ఆమె ముఖాన్ని ఎర్రగా కాలిన పలక మీదికి వంచాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అప్పుడు నేను తుపాకి చేతిలోకి తీసుకున్నాను. నా జేబులో ఎప్పుడూ చిన్న డబ్బా ఉంటుంది. అందులో మందు పెట్టిన రాగి టోపీలుంటాయి. ఆ టోపీ మీద తుపాకి సుత్తి పడితేనే ఇలాంటి తుపాకి పేలుతుంది. ఒకటి తొడిగాను. బొటనవేలితో సుత్తిని పూర్తిగా వెనక్కి లాగి, వాడి మీదికి గురిపెట్టాను. బెదిరించడానికేనా అని మీరు అడిగారు. కాదు. చంపాలనే ఉంది.

"వదులు ఆమెను. ఇది నిండుగా ఉంది."

వాడు నవ్వాడు. "ఎవరు నింపారే? మా ముత్తాతా?"

"అవును."

ఇంకా నవ్వాడు. ఆమెను వదిలి, గొట్టం చివర పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. సుత్తి మీదున్న నా బొటనవేలు వెనక్కి విరిగింది. ఆ చప్పుడు నాకు వినబడింది. నేను నేల మీద పడ్డాను.

"నిండుగా ఉంది రాయిస్, సుత్తి ఎత్తి ఉంది, కింద పెట్టు" అని రెండోసారి చెప్పాను.

"ముందు దీని పని చూసి, తర్వాత నీ పుర్రె పగలగొట్టి, అప్పుడు పెడతా."

గొట్టం పట్టుకొని, తుపాకి మడమను గొడ్డలిలా పైకెత్తాడు. ఆమె పొయ్యి పక్కన ముడుచుకొని ఉంది. ఎత్తినవాడు మళ్ళీ దించి, అరచేతుల్లో ఉమ్మేసుకొని, పట్టు సరిచూసుకున్నాడు. కట్టెలు కొట్టేవాళ్ళు చేస్తారు చూడండి, అలా. గొట్టం నోరు వాడి పొట్టకేసి ఉంది. నేల మీద నుంచి నాకు స్పష్టంగా కనిపించింది.

బలంగా దించాడు. ఆమె పక్కకు దొర్లింది. మడమ పొయ్యి అంచుకు తగిలి చిట్లింది, సుత్తి పడింది, తుపాకి పేలింది. ఇల్లంతా పొగ. పొగ తగ్గేసరికి వాడు గోడకు ఆనుకొని, పొట్ట రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఉబికి వస్తోంది.

"నిజంగానే నిండుగా ఉందే" అన్నాడు.

ఆర్డిత్ గారు మిగిలిన ఒక్క చేత్తో గిన్నెలు తుడిచే గుడ్డ లాగి, వాడి పొట్టకు అదిమిపట్టి "ఊపిరి పీల్చు నాన్నా, పీల్చు" అంటూ కూర్చుంది. ఆ ఇంట్లో ఫోను లేదు. పక్కింటికి వెళ్ళి మీకు ఫోన్ చేసి తిరిగి వచ్చేసరికి వాడు పోయాడు. ఆమె గుడ్డ తీయలేదు.

తుపాకి తానే కాల్చానని ఆమె మీకు చెప్పిందట. ఆమె కుడిచేతిలో మీట నొక్కడానికి వేళ్ళెక్కడ మిగిలాయి? ఆమె చెప్పింది రాసుకోకండి. తుపాకి అప్పటికే నాది. టోపీ పెట్టింది నేను, సుత్తి ఎత్తింది నేను. ఆమెను ఆమె చెల్లెలి ఊరు పంపించండి.

ఇంకొక్క మాట రాయండి. వాడు అరచేతుల్లో ఉమ్మేసుకునేటప్పుడు మూడోసారి చెప్పడానికి నాకు వ్యవధి ఉంది. నోరు కూడా తెరిచాను. చెప్పలేదు.

నేను చెప్పింది మీరు పైకి చదివి వినిపించారు. చివరి మాట తీసేయమంటారా అని అడిగారు. వద్దన్నాను. అది కూడా నిజమే.

కుడి బొటనవేలు విరిగినందున ఎడమ బొటనవేలి ముద్ర:
వెర్నా స్టిడమ్