గోడకి అడ్డం పెట్టిన చెయ్యి

డ్రమ్ముల తరగతిలో నిన్నటి నెత్తుటి మరక గోడ మీద తుడిచినా పోలేదు. మాటలు రాని ఆరేళ్ల కూతురి సంచీ తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి, మాస్టారి చేతి కట్టు చూసి తలదించుకుంది.

“ఇదంతా మా పిల్ల పనేనా మాస్టారూ?”

“మొదట కరిచింది. తర్వాత గోడకేసి తల బాదుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టాను. రెండు వేళ్లు విరిగాయి. తప్పు నాదేనమ్మా, చెప్పకుండా పెద్ద డ్రమ్ము మోగించాను.”

“ఇంట్లోనైతే చేతులు కట్టేస్తాను. ఇప్పటికే దీన్ని మూడు చోట్ల వెళ్లగొట్టారు. ఇక తీసుకురాను లెండి.”

“కట్టకండి. నేను నొప్పికి అరవగానే ఆగి, నా ముఖం తడిమింది. తర్వాత నా మోకాలి మీద మెల్లగా దరువేసింది, నేను నేర్పిందే.”

ఆమె తలెత్తింది.

“సరిగ్గా వేసిందా?”

“మూడో దెబ్బ తప్పింది. రేపు తీసుకురండి, సరిచేద్దాం.”