మీ అమ్మమ్మ మెడ మీద పడ్డ నింద

“తాతయ్యా, మూటలు మోసీ మోసీ మెడ అరిగిపోయి అమ్మమ్మకి కళ్ళు తిరిగేవట. మామయ్య చెప్పాడు. నిజమేనా?”

మీ మామయ్యే కాదమ్మా, ఊరంతా అదే చెబుతుంది. చెప్పేవాళ్ళు ఎక్కువైనంత మాత్రాన అది సాక్ష్యం అయిపోదు. బళ్ళో పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి కదా, నేను ముందు అడిగేది ఒకటే: చూసినవాళ్ళు ఎవరు, ఏం చూశారు?

చూసింది ఎక్స్‌రే. అందులో మెడ ఎముకలు అరిగిన మాట నిజమే. ఈ వయసులో ఎవరి మెడ అరగలేదు? నాదీ అరిగింది, నేను ఊరంతా తిరగడం లేదూ? అయినా మీ మామయ్య దసరాకి ఒంగోలు నుంచి మెడపట్టీ కొనుక్కొచ్చి, “అమ్మా, ఇంక నువ్వు కల్లంలోకి రావద్దు” అన్నాడు. అదీ అసలు దెబ్బ. మిరపకాయ ఎండిందో లేదో తేల్చేది మీ అమ్మమ్మే. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. లోపల గింజ గలగలమంటే ఎత్తొచ్చు, లేకపోతే ఇంకా ఎండాలి. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఆ మాట ఆవిడదే. అలాంటి మనిషిని పట్టీ కట్టి వరండాలో కూర్చోబెడితే, అన్నం కూడా సరిగా తినలేదు.

“తినకేం? మీరు పెట్టిన చారు మింగలేకపోయా!”

అదిగో, వంటింట్లోంచి వింటోంది. ఆఁ, ఎక్కడున్నాం? మెడ. మెడ వల్ల వచ్చే తూలుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొదిలిలో, కాదు కాదు, పొదిలి దాటాక, స్కూటర్ మీంచి పడ్డాను కదా. మెడ బిగుసుకుపోయింది. కొత్తపట్నం సముద్రంలో పడవెక్కినట్టు ఒళ్ళు తూలేది, గది మాత్రం గిర్రున తిరగలేదు. మెడ నొప్పితో వచ్చింది, నొప్పితోనే పోయింది. మీ అమ్మమ్మకి మెడ నొప్పే లేదు. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా తిరిగేది. అటక మీది డబ్బా కోసం తలెత్తినా అంతే. ఓ అర నిమిషం, వాంతి వచ్చేలా ఉండి, మళ్ళీ మామూలే.

సంక్రాంతి వెళ్ళాక గుంటూరులో చెవి డాక్టరమ్మకి ఇదంతా చెప్పాను. చెవిలో హోరుందా, వినికిడి తగ్గిందా, మాట తడబడిందా, కాలూ చెయ్యీ పట్టు తప్పాయా అని ఆవిడ ముందు అవన్నీ అడిగింది. ఏవీ లేవు. తర్వాత తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, తల కదలకుండా నర్సమ్మ పట్టుకుంటే, ఒంటిని మాత్రం అటూ ఇటూ తిప్పింది. ఎంత చక్కటి పరీక్షో చూడు! మెడ మెలిపడింది, చెవి కదల్లేదు. మెడదే తప్పయితే అప్పుడు కళ్ళు తిరగాలిగా? తిరగలేదు. “దీంతోనే తేల్చెయ్యకూడదండీ” అంది డాక్టరమ్మ. ఆ మాట నాకు నచ్చింది. ఈసారి తల కుడికి తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది. రెండు క్షణాలాగి కనుగుడ్లు గబగబా కొట్టుకున్నాయి. “ఓరి నాయనో, పట్టుకోండి!” అంటూ మీ అమ్మమ్మ నా చొక్కా చింపినంత పని చేసింది.

“చెవి లోపల సన్నటి రేణువులు ఉంటాయమ్మా, అవి చోటు తప్పాయి” అంది డాక్టరమ్మ.

“ఎండుకాయలో గింజల్లాగానా?” అంది మీ అమ్మమ్మ.

“అలాగే అనుకోండి.”

తలని కుడి నుంచి ఎడమకి, తర్వాత మనిషినే ఆ పక్కకి, ఆగుతూ ఆగుతూ తిప్పి లేపి కూర్చోబెట్టింది. రేణువుల్ని వాటి చోటికి పంపడమట. వారం పోయాక ఇంకోసారి చేసింది. పట్టీ అక్కర్లేదంది.

మీ మామయ్య ఇప్పటికీ “పట్టీ వల్లే తగ్గింది నాన్నా” అంటాడు. దసరా నుంచి సంక్రాంతి దాకా పట్టీ ఉంది, తిరుగుడూ ఉంది. ఈ ఏడు శివరాత్రి మర్నాడు పట్టీ లేదు. కల్లంలో మీ అమ్మమ్మ తల పూర్తిగా వెనక్కి వంచి మబ్బు చూసింది, తూలలేదు. కాయ తీసి కుడి చెవి దగ్గర ఆడించి, మీ మామయ్యతోనే అంది: “గింజ పలికిందిరా. ఎత్తించు.”