మంచిర్యాల దాటిన నిద్ర

హలో… ఆ, నేనే అక్కా, నవీననే. బతికే ఉన్న.

లేదు, నన్నెవ్వరు ఎత్తుకపోలే. ఫోను సంచిల అడుగున పడ్డది, ఇనబడలే. …ఎన్నిసార్లు చేసినవ్? …అయ్యో.

ఇంటికాడ లేను. మంచిర్యాలల గుడ లేను. బెల్లంపల్లిల ఉన్న. స్టేషన్ల, బెంచీ మీద.

బెల్లంపల్లిల నాకేం పనుంటదక్కా! నిద్రపోయిన. శనివారం ఒక్కపూటే ఆఫీసు గదా, జల్ది ఇల్లు చేరుదామని మధ్యాహ్నం రైలెక్కిన. రైలు మంచిర్యాలకు వచ్చింది, ఆగింది, పోయింది. అది చెయ్యాల్సిన పని అది చేసింది. నేనే లేవలే.

…నవ్వు. మంచిగ నవ్వు. మీ కరీంనగర్ అంత ఇనబడేటట్టు నవ్వు.

రోజూ అయితే గోదారి బ్రిడ్జి మీదికి రాంగనే రైలు సప్పుడు మారుతది. దానికే మెలకువ వస్తుండె. పక్క సీట్లోళ్లకు గొప్పగ చెప్పిన గుడ — నాకు అలారం ఎందుకు, నన్ను గోదారి లేపుతది అని. ఇయ్యాల అదెంత లేపిందో ఏమో…

సుధాకర్ చేసిండా నీకు? మా ఆయన? …ఏమన్నడు?

…అయ్యో, అది గుడ చెప్పిండా!

అవునక్కా. ప్లాట్‌ఫారం మీద నా కోసం నిలబడి ఉన్నడట. అందరు దిగిన్రు, నేను దిగలే. రైలు కదిలినంక కిటికీల కనబడ్డనట… నోరు తెరుసుకొని. కిటికీ కొట్టుకుంట ఉరికిండట. …ఆ, ప్లాట్‌ఫారం అయిపోయేదాంక. నాకేమో ఎవరో ఇంటి తలుపు కొడుతున్నట్టు కల. "ఎవరో వచ్చిన్రు, చూడుర్రి" అని కలలనే చెప్పి, మల్ల పండుకున్న.

లేవంగనే ఆయనకు ఫోన్ చేసిన. వస్తుండు, బండి మీద బయలెల్లిండు. ఆయనొచ్చేదాంక నువ్వు మాట్లాడు, నాకు వేరే పనేమున్నది. ఒక కుక్క ఉండె. అది గుడ నన్ను ఒకసారి చూసి, ఇది మన ఊరిది కాదని పోయింది.

…ఇగో, మల్ల అదే ముచ్చట! ఏడ ఉంటవ్, ఏడ ఉంటవ్. మా ఆఫీసును మంచిర్యాలల ఎత్తేసి సికింద్రాబాద్ల కలిపిన కాంచి, అంటే ఈ రెండు నెలల సంది, నా తలకాయల గుడ అదే తిరుగుతుంది.

మీ ఇంట్లనా? …వద్దంటలేనక్కా. నీ తాన ఉంటే వేడి అన్నం దొరుకుతది, పొద్దుగాల్ల బస్సు దొరుకుతది. కానీ చూడు… కొలువు సికింద్రాబాద్ల, మొగడు శ్రీరాంపూర్ల, నేను కరీంనగర్ల. ఉన్నది ఇద్దరం, ఊర్లు మూడు.

కాజీపేట గుడ చూసినం. …చెప్పలే. సిగ్గయి చెప్పలే. ఇద్దరికి నడుమ ఉంటది గదా అని నా తెలివి! సుధాకర్‌ను గుంజుకపోయిన. ఇల్లు మంచిగనే ఉన్నది. ఇంటి ఓనరు పెద్దమనిషి. "అమ్మా, నువ్వెప్పుడు ఉంటవ్?" అన్నడు. చీకట్ల పోయి చీకట్ల వస్త అన్న. "మరి సారు?" అన్నడు. సారుకు శ్రీరాంపూర్ల బొగ్గుబాయిల పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, ఆయన గుడ రైల్ల పోయి రావాలె అన్న. పెద్దమనిషి జరసేపు ఆలోచన చేసి… "మీకు ఇల్లెందుకమ్మా, స్టేషన్ల వెయిటింగ్ రూం ఉన్నది గదా" అన్నడు.

…ఆ, సుధాకర్ గుడ నీ లెక్కనే నవ్విండు. నేను నవ్వలే. ఇంటికొచ్చేదాంక మూతి ముడుసుకొనే కూసున్న. నడుమ ఉంటే ఇద్దరికి దగ్గర అనుకున్న. ఇద్దరికి దూరం అయితది. గింత ముచ్చట సమజ్ కానీకి కాజీపేటదాంక పోవాల్నా, చెప్పు!

…హుస్నానా? ఆ, మా ఆఫీసుల చేస్తది, ఆమెనే. ఆమె రూముల ఒక మంచం ఖాళీగనే ఉన్నది. మెట్టుగూడల. ఆఫీసుకు నడుసుకుంట పోవచ్చు. "నవీనా, వారమంత ఈడుండు, ఐతారం ఇంటికి పో" అని రోజూ అంటది. నేనేమంటనో ఎర్కేనా? "నాకు ఇల్లున్నది హుస్నా" అంట. మెడ ఇట్ల నిలబెట్టి. ఇల్లున్నదాన్ని, బెల్లంపల్లి బెంచీ మీద కూసున్న.

ఎందుకంటే… ఆ రోజు అందరి ముందట అనేసిన గదా. బదిలీ అని తెలిసిన నాడు. మా అత్త ఉన్నది, సుధాకర్ ఉన్నడు, వాడకట్టోళ్లు గుడ ఉన్నరు. "పెండ్లయి రెండేండ్లు కాలే, ఇల్లు ఇడిచి పట్నంల ఉండేదాన్ని కాదు నేను, రోజూ పోయొస్త" అన్న. ఎవ్వరన్న అడిగిన్రా? ఎవ్వరు అడగలే. అడగకముందే ఒట్టు పెట్టుకున్న. ఎవ్వరు సప్పుడు చెయ్యలే. అదంత నన్ను మెచ్చుకునుడే అనుకున్న.

నేను పోకపోతే ఇల్లు ఆగుతదని నా రంది. పోయి ఏం చేస్తున్న? అత్త వండింది తింట, పండుకుంట. సుధాకర్‌ది రాత్రి షిఫ్ట్ అయితే నేను రాంగ ఆయన పోతడు. గేటు కాడ ఎదురుపడితే "బాగున్నవా, బాగున్నవా" అని అడుగుకుంటం. సుట్టాల తీరు.

…ఏంది? అత్త నీకు ఫోన్ చేసిందా? ఎప్పుడు?

…లే, దాచకు. చెప్పు.

…నేనొచ్చేదాంక తినకుంట కూసుంటుందా? "నేనెప్పుడో తిన్న బిడ్డా" అంటది గదా నాతోని! …ఆ… కుర్చీల కూసున్నకాన్నే కునుకు పడుతుందా… పొయ్యి మీద పప్పు మాడబెట్టిందా? పిల్లి పడగొట్టింది, పారబోసిన అన్నదక్కా నాకు. మా ఇంట్ల పిల్లి ఏడున్నదని నేనన్న అడగాలె గదా!

"దాన్ని పట్నంలనే ఉండమను. నేనంటే ఎల్లగొడుతున్న అనుకుంటది" — గట్లనే అన్నదా? …అచ్చం మా ఐలవ్వ అత్తనే. చూసినవా అక్కా, ఇల్లంత నా మీదనే నిలబడ్డది అనుకుంటి నేను. నన్నే ఇల్లంత మోస్తుంది.

…సుధాకర్‌కా? ఆయనకేమైంది?

…

ఎప్పుడు?

…బాయిల? లోపటనా?

…

నాకు చెప్పలే. లేదక్కా, ఒక్క మాట చెప్పలే. పగటి షిఫ్ట్ అయితే నన్ను చీకట్ల స్టేషన్‌ల దించి అటే బాయికి పోతడు. మాపటికి మల్ల స్టేషన్‌కు వస్తడు. ఆటోల వస్త తియ్యి అంటే ఇనడు. నాకు నిద్ర సరిపోతుంది అంటడు. …కన్ను మూతపడ్డదా. నిలబడ్డకాన్నేనా? …ఆయన మీది సారు చూసి పైకి పంపిండా… ఆ సారు సల్లగుండ. …దెబ్బ తగలలే గదా? అత్తను సరిగ అడిగినవా?

ఆ… ఉన్న. ఇంటున్న.

అక్కా… నేను కన్ను మూస్తే బెల్లంపల్లి వస్తది. ఆయన బాయిల కన్ను మూస్తే… వద్దు. నా నోటితోని అనను.

ఏడుస్తలేను. …జర. జరంత ఏడుస్తున్న.

తప్పు ఆయనది గుడ ఉన్నది. చెప్పాలె గదా పెండ్లానికి! …అవును. నేనెక్కడ చెప్పనిచ్చిన. ఆయన నోరు తెరిచినప్పుడల్ల "నాకేం కష్టం లేదు, నాకేం కష్టం లేదు" అనుడే అయిపాయె నాది. నాకేం కష్టముంటదక్కా, రైల్ల పండుకొని తిరిగేదాన్ని.

పోత. సోమవారం బ్యాగు పట్టుకొనే పోత. మనం పెట్టేసినంక హుస్నాకు చేస్త. శనివారం వస్త, సోమవారం పోత. …వాడకట్టోళ్లా? అనుకోనీ. నాలుగు దినాలు అంటరు, మల్ల వేరేటోళ్లు దొరుకుతరు. …ఆ, మీ ఇంటికి గుడ వస్త. ఉండనీకి కాదు, తిననీకి.

ఉండు, బండి సప్పుడయితుంది. …ఆ, ఆయనే.

ఇటు, ఇటు! ఈ బెంచీ కాడ. …నవ్వకు. నవ్వకంటున్న గదా. …అక్క. కరీంనగర్ నుంచి. …ఆ, చెప్పింది. అంత చెప్పింది. …అక్కనెందుకు అంటవ్, నువ్వు చెప్పలే కాబట్టి ఆమె చెప్పింది. ఉండక్కా, లైన్లనే ఉండు.

ఏం కాలేదా? ఏం కాకుంటనే పైకి పంపిన్రా? …చిన్న కునుకా! చిన్నదో పెద్దదో ఆ బొగ్గుకు ఎర్కనా? …నన్ను పరేషాన్ చెయ్యొద్దని చెప్పలేదా? మంచి పని చేసినవ్. ఇగ నేను చెప్తున్న, విను. సోమవారం నుంచి హుస్నా తాన ఉంట. నువ్వు షిఫ్ట్ దిగంగనే తిని పండుకోవాలె. అత్త గుడ యాళ్లకు తినాలె. …ఏమంటవ్?

…

అక్కా, ఏమన్నడో ఎర్కేనా? "మంచిది" అన్నడు. గంతే. నేను రెండు నెలల సంది ఊరూరు తూకం వేసి వేసి సస్తే, ఈయన… మంచిది! అని, ఇగో, నా పక్కపొంటి కూలబడ్డడు. కండ్లు చింతనిప్పుల్లెక్క ఉన్నయక్కా. రోజూ చూస్తనే ఉన్న గదా ఈ కండ్లను… యాడ చూసిన? చీకట్ల, బండి ఎనక కూసొని ఆయన వీపు చూసిన.

లే. తాళంచెవి ఇటియ్యి. …బండి నేను నడుపుత. …రాదా నాకు? ఈ స్కూటీ నాదే గదా! హెల్మెట్ గుడ ఇయ్యి. సికింద్రాబాద్ నుంచి బెల్లంపల్లిదాంక పండుకొనే వచ్చిన, ఈ స్టేషన్ల నా అంత నిద్ర సరిపోయినోళ్లు ఎవ్వరు లేరు. నువ్వు ఎనక కూసో. కూసొని కునుకు తియ్యొద్దు, మాట్లాడుకుంట రావాలె.

…అక్కా, ఏం మాట్లాడాలె అని అడుగుతుండు చూడు!

…ఆ, గదే చెప్తున్న. రెండు నెలల ముచ్చట్లు ఉన్నయి. శ్రీరాంపూర్ వచ్చేదాంక ఒడుస్తయా ఏంది.

ఉంటక్కా. బండి తీస్తున్న. …పట్టుకున్నవా? గట్టిగ పట్టుకో.